మంచినీళ్ల తొట్టి

వదిన పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఆమె కోసమే ఒక కొర్రమీనును చంపుతున్నాను. పెరట్లో కుళాయి పక్కన బండ మీద బూడిద చల్లి, చేప జారకుండా ఒక చేత్తో అదిమిపట్టి, రోకలితో తల మీద ఒక దెబ్బ వేశాను. కొర్రమీను ఒక్క దెబ్బకు చావదు. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టర్లు గండం గడిచిందన్నారు. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. పక్షవాతం వచ్చిన మనిషికి బలం కావాలని, పులుసు చేసి తెమ్మని మా ఆయన పొద్దున్నే చెప్పాడు. రెండో దెబ్బకు రోకలి ఎత్తినప్పుడు ఫోను మోగింది.

"అక్క పోయింది," అన్నాడు మా ఆయన.

ఫోను పక్కన పెట్టి చూస్తే చేప బండ దిగి మట్టిలో పడి ఎగిరెగిరి పడుతోంది. మళ్లీ పట్టుకుని, రెండో దెబ్బ గట్టిగా వేసి, అది పూర్తిగా ఆగిందని చూసుకున్నాక కూర్చుని ఏడ్చాను. ఈ వరస మీలో కొందరికి వింతగా తోచవచ్చు. సగం చచ్చిన ప్రాణిని అలా వదిలేసి నేను ఏడుపు మొదలుపెట్టి ఉంటే వదిన ఒప్పుకునేది కాదు.

ఆమె మా ఆయనకు తోడబుట్టిన అక్క. గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో, చివరికి మా వనపర్తిలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పింది. ఇది చదువుతున్నవాళ్లలో ఆమె దగ్గర చదువుకున్నవారు ఉండే ఉంటారు, ఆమె చేతి దెబ్బ తిన్నవారు కూడా ఉంటారు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. వదిన మెత్తని మనిషి కాదు. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గద్వాలలో పనిచేసిన రోజుల్లో, అంటే కాలేజీల్లో ఇంకా కప్పలను కోసే కాలంలో, ఒక విద్యార్థి మత్తు సరిగ్గా ఇవ్వకుండానే కప్ప పొట్ట చీల్చి, అది కాళ్లు తన్నుకుంటుంటే పక్కవాళ్లకు చూపించి నవ్వాడట. వదిన వచ్చి చెంప పగిలేలా కొట్టింది. అంతటితో వదల్లేదు. అతని వేలిని కప్ప గుండె మీద ఆనించి, అది ఆగేదాకా కొట్టుకోవడం పైకి లెక్కపెట్టమంది. అతను ఏడుస్తూ లెక్కపెట్టాడు. "చంపితే లెక్కపెట్టాలె. లెక్కపెట్టనోళ్లు చంపొద్దు," అని ఆ రోజు క్లాసులో అన్న మాట తర్వాత నేను ఆమె నోట ఎన్నోసార్లు విన్నాను. ఆ విద్యార్థి ఇప్పుడు పశువుల డాక్టరు. వదిన చితి దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబడింది అతనే.

రిటైరయ్యాక, భర్త పోయాక, ఆమె మా ఇంటికి వచ్చింది. రెండు పెట్టెల బట్టలూ ఒక ఆటో నిండా గాజు తొట్లూ తెచ్చుకుంది. మేడ మీద రేకుల షెడ్డు వేయించుకుని తొట్లన్నీ వరుసగా పెట్టుకుంది. వీధిలోవాళ్లు అందమైన చేపలు పెంచుకుంటుందనుకుని పిల్లలను చూపించడానికి తీసుకొచ్చేవారు. "ఇది చేపలను సాకే జాగ కాదు, చంపే జాగ. కిందికి పోండ్రి," అని మెట్ల మీదనే ఆపేసేది. పాపం, పిల్లలు బిత్తరపోయేవారు.

ఆమె చేసే పని ఇది. ఫ్యాక్టరీలు, రంగుల బట్టీలు వదిలే మురికినీటిని ఊళ్లవాళ్లు డబ్బాల్లో పట్టి తెచ్చేవారు. ఒక తొట్టిలో ఆ నీరు ఉన్నదున్నట్టు పోస్తుంది. పక్క తొట్టిలో సగం మురికినీరు, సగం మంచినీరు. ఆ పక్కది పావువంతు. అలా తగ్గిస్తూ పోయి, చివరి తొట్టిలో ఉట్టి మంచినీళ్లు పోస్తుంది. ఒక్కో తొట్టిలో పది రవ్వచేప పిల్లలు. నాలుగు రోజులు మేత వేయకూడదు. పూటపూటకూ వెళ్లి గాజుకడ్డీతో తోక తాకి చూడాలి. కదలకపోతే, మొప్పల మీది చెంప రెప్పలు ఆడకపోతే, చచ్చినట్టు. తీసి పక్కన పెట్టి రాయాలి. నీరు ఎంత ఘాటుగా ఉంటే సగం చేపలు చస్తాయో చివరికి తేలుతుంది. ఇంటి లెక్కలు గళ్లు గీసి రాసుకునే అలవాటున్నదాన్ని కాబట్టి ఆ రాత పని నాకు అప్పగించింది. నేను నేలను చూస్తూ రాస్తే కోప్పడేది. "చావును చూసి రాయి, మరదలా. కాయితం చూసి రాయకు."

చూశాను. విషపు నీళ్లలో చేపపిల్ల నెమ్మదిగా చావదు. గాజుకేసి తల బాదుకుంటుంది. మెలికలు తిరుగుతుంది. పైకి లేచి గాలి కొరుకుతుంది. తొట్టి అంచు దూకి నేల మీద పడి తన్నుకుంటుంది. దవడలు విచ్చుకుని, లోపలి ఎర్రటి మొప్పల మీద తెల్లటి జిగురు పేరుకుని, నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మొదట్లో నేను అన్నం తినలేకపోయేదాన్ని. వదిన మాత్రం తినేది. ఆకలి లేకుండా, పని చేసినట్టు తినేది.

మేడ మీద ఆమెది వేరే రాజ్యం. సబ్బుతో కడిగిన చేయి తొట్టిలో పెట్టకూడదు. అగరొత్తి వెలిగించకూడదు. ఒకసారి మా ఆయన ఉక్కపోతకు పైకి వెళ్లి దోమల చక్రం వెలిగించుకుని పడుకున్నాడు. తెల్లారి ఆమె దాన్ని పళ్లెంతో సహా పిట్టగోడ మీది నుంచి వీధిలోకి విసిరితే పాలవాడి బండికి తగిలి అద్దం పగిలింది. "నాలుగు దినాల పరీక్ష నాశనం జేసినవ్ గదరా. దోమలు కుడితే సస్తవా?" అని తమ్ముణ్ని నలుగురిలో తిట్టి, అద్దం డబ్బులు మాత్రం తానే ఇచ్చింది.

ఏ పరీక్షలోనైనా ఆమె ముందు వెళ్లేది మంచినీళ్ల తొట్టి దగ్గరికే. అందులో పదింటిలో ఒకటి చస్తే సరే, పిల్లలు కదా, ఏదో ఒకటి బలహీనంగా ఉంటుంది. రెండు చస్తే ఆ పరీక్ష మొత్తం పారబోయాల్సిందే. ఎందుకంటే మురికినీరు కాక ఇంకేదో చేపలను చంపిందని అర్థం. అది ఎండ కావచ్చు, జబ్బు కావచ్చు, మన చేతులే కావచ్చు. "మంచినీళ్ల తొట్టి ఏమంటదో ఇన్నంకనే మిగతా తొట్ల మాట," అనేది.

ఆ మాట ఆమె ఎముక విరగ్గొట్టింది. ఎలాగో చెప్తాను.

మూడేళ్ల కింద, ఎండాకాలంలో, బిజినేపల్లి వైపు ఒక ఊరి చెరువు ఒక్క పూటలో చచ్చిపోయింది. ఎగువన ముళ్లకంచె తీగ చేసే ఫ్యాక్టరీ ఉంది. ఇనుప తీగను ఆసిడ్లో కడిగి, జింకు పూత పూసి, కడిగిన నీరు వాగులోకి వదులుతారు. వాగు చెరువులో కలుస్తుంది. ఆ పొద్దు నీళ్లు కనిపించనంతగా తెల్లటి పొట్టలు తేలాయి. చేపలు పట్టి బతికే కుటుంబాలవాళ్లు ట్రాక్టరు నిండా చచ్చిన చేపలు ఎత్తుకెళ్లి ఫ్యాక్టరీ గేటు ముందు కుమ్మరించారు. నీళ్లు పట్టుకోవడానికి వదిన వెళ్తుంటే డబ్బాలు మోయడానికి నేనూ వెళ్లాను. అందుకే అక్కడ జరిగింది కళ్లారా చూశాను.

లోపలి నుంచి కాపలావాళ్లు ఇనుప కడ్డీలతో వచ్చారు. బయటి నుంచి రాళ్లు లేచాయి. చేపల సంఘం పెద్ద అక్కడే ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నల్లగా, భుజాలు తలుపు చెక్కల్లా ఉంటాయి. అతని తమ్ముణ్ని ఇద్దరు పట్టి ముళ్లతీగ చుట్ట మీదికి తోశారు. తోసి, కాళ్లు పట్టి లాగారు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ముఖమంతా చీరుకుపోయింది, ఎడమ కన్ను పోయింది. అది చూసి ఊరివాళ్లు చేతికి చిక్కిన ఒక కాపలావాణ్ని పళ్లు రాలేదాకా కొట్టారు. కుళ్లిన చేపల మీద జారిపడుతూ, లేస్తూ కొట్టుకున్నారు. వదిన ఆ రాళ్ల మధ్యలోనే ఫ్యాక్టరీ నీరు వాగులోకి వదిలే మోరీ దగ్గర గొంతుక్కూర్చుని డబ్బా నింపుతోంది. ఒక రాయి వచ్చి ఆమె పక్కన నీళ్లలో పడింది. "మూత ఇయ్యి," అని చెయ్యి చాచింది నా వైపు.

మా మేడ మీద ఆ నీళ్లకు చేపలు చచ్చాయి. అధికారులు అవే నీళ్లను పట్నంలోని ఒక ల్యాబుకు పంపితే అక్కడ దాదాపు అన్నీ బతికాయి. నాగర్‌కర్నూల్‌లో ఈ ఫిర్యాదు విచారిస్తున్న అధికారి రెండు పక్షాలనూ పిలిచి కూర్చోబెట్టినప్పుడు ఫ్యాక్టరీ మేనేజరు నవ్వుతూ, "మా నీళ్లకు కాదు మేడం, మీ చేతికి చస్తున్నయి చేపలు," అన్నాడు. సంఘం పెద్ద కుర్చీలోంచి లేచాడు. వదిన అతని లుంగీ అంచు పట్టి కూర్చోబెట్టింది.

ఆ తర్వాత ఆమె అన్నది విని ఆమె వైపువాళ్లే నివ్వెరపోయారు. ఆ నీళ్లను తాను మూడుసార్లు పరీక్షిస్తే మూడు రకాల జవాబులు వచ్చాయని, ఒకసారి ఎక్కువ చచ్చాయని, ఒకసారి తక్కువ చచ్చాయని, పట్నం ల్యాబువాళ్లు అబద్ధం రాశారని తాను అనడం లేదని చెప్పింది. అధికారి విసుక్కున్నాడు. ఒకే నీళ్లకు ఇన్ని జవాబులు వస్తే ఇదేం పరీక్ష, దేన్ని నమ్మాలి అన్నాడు. వదిన నా వైపు తిరిగింది.

"మరదలా, మన బోరు నీళ్లల్ల కందిపప్పు ఉడుకుతదా?"

ఉడకదన్నాను. ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది, కాలువ నీళ్లయితే మెత్తగా ఉడుకుతుంది, అందుకే పప్పుకు కాలువ నీళ్లు వేరే బిందెలో పెట్టుకుంటానన్నాను. అధికారి మా పాలమూరులోనే కాపురం ఉంటున్నాడు కాబట్టి తలూపాడు. "పప్పు అదే, పొయ్యి అదే. నీళ్లు మారితే కత మారుతది," అంది వదిన. బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఆ సున్నం జింకు విషానికి అడ్డం పడుతుంది, చేప కాసేపు ఓర్చుకుంటుంది. పట్నం ల్యాబులో కలిపింది అలాంటి నీళ్లు. మా మేడ మీద ఒకసారి బోరువి, ఒకసారి కాలువవి. జవాబు అటూ ఇటూ ఊగుతుంది, ఎంత ఊగుతుందో కూడా చెప్పడమే పరీక్ష అంది. ఆ చెరువులోకి వచ్చేవి సున్నం తక్కువ ఉండే కాలువ నీళ్లు.

అయితే అందరి ముందు ఇంకొక పరీక్ష పెట్టండి, రెండు పక్షాల మనుషులూ కాపలా ఉండండి, చేపలు చస్తే వానలకు ముందే మోరీ మూయిస్తాను, లేకపోతే ఫిర్యాదు కొట్టేస్తాను అన్నాడు అధికారి. వానలు పడగానే చెరువులో కొత్త పిల్లలను వదలాలి. ఆ ఏడాది వదలకపోతే ఆ కుటుంబాలు కూలికి బొంబాయి బస్సెక్కాల్సిందే. కన్నుపోయిన తమ్ముడు దవాఖానలో ఉన్నాడు. సంఘం పెద్దకు అన్నీ ఆ తొట్లలోనే ఉన్నాయి.

పరీక్ష మా ఇంట్లోనే పెట్టారు. మెట్ల కింద ఫ్యాక్టరీ మనిషి ఒకడు, ఊరి మనిషి ఒకడు కూర్చున్నారు. మూడో రోజు సంఘం పెద్ద తల్లి వచ్చింది. ముసలి అవ్వ. కొడుకు కన్ను పోయినప్పటి నుంచి మాట తగ్గిపోయిన మనిషి. చేపలను ఒకసారి చూస్తానంటే ఎవరూ కాదనలేదు. ఆమె కొంగున ఇంత అన్నం కట్టుకొచ్చిందని ఎవరికీ తెలియదు. నేను కిందికి దిగి నీళ్లు తెచ్చేలోగా, పిడికెడు అన్నం నలిపి అన్ని తొట్లలో సమంగా చల్లింది. మంచినీళ్ల తొట్టికీ చల్లింది. ఇది నాకు తర్వాత అవ్వ చెప్పింది. చిన్నప్పటి నుంచి చేపలను పట్టి చంపుతూ బతికినా, వలలో చేప కడుపు నింపుకున్నదై ఉంటుంది, ఇవి మాత్రం మూడు రోజులుగా పస్తులుండి చస్తున్నాయని ఆమెకు తట్టుకోలేనంత బాధ వేసిందట. "సచ్చేటిదానికి ఆకరి బువ్వ పెట్టకుంటె ఎట్ల బిడ్డా," అంది.

ఎండాకాలం. రేకుల షెడ్డు. మెతుకులు అడుగున పులిశాయి.

నాలుగో రోజు పొద్దున అధికారి, మేనేజరు, ఊరివాళ్లు అందరూ మేడ నిండా నిలబడ్డారు. మురికినీటి తొట్లన్నిటిలో చేపలు వెల్లకిలా తేలాయి. జనం హోరుమన్నారు. మేనేజరు ముఖం మాడింది, ఫోను చెవికి పెట్టుకుని పక్కకు వెళ్లాడు. అధికారి కలం తీశాడు. వదిన మాత్రం ఎప్పటిలాగే మంచినీళ్ల తొట్టి ముందు వంగింది. మూడు చేపలు చచ్చి ఉన్నాయి. ఆమె వేలు ముంచి వాసన చూసింది. అడుగు నుంచి ఉబ్బిన మెతుకు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. అవ్వ వైపు ఒకసారి చూసింది. ఆమె పేరు ఎత్తలేదు.

"ఇది చెల్లదు," అంది.

అధికారి అర్థం కానట్టు, పదింటికి ఏడు బతికాయి కదా మేడం, అవతల ఒక్కటీ మిగల్లేదు, నేను సంతకం పెడుతున్నాను అన్నాడు. వదిన తల అడ్డంగా ఊపింది. నీళ్లు కుళ్లాయి, మంచినీళ్లలోనే మూడు చచ్చాయి, అవతలివాటిని ఏది చంపిందో ఇక చెప్పలేను, మళ్లీ పెట్టాలి అంది.

సంఘం పెద్ద ముందుకు వచ్చాడు. "ఎంతకు అమ్ముడువోయినవ్ మేడం?" అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. అతని చేతిలో తెడ్డు ఉంది. గెలిచాక ఊరేగింపుగా ఊరికి వెళ్దామని పుట్టి నడిపే తెడ్డు భుజాన వేసుకుని వచ్చాడు. మొదటి దెబ్బ మురికినీటి తొట్టి మీద పడింది. గాజు పేలింది. రెండో తొట్టి, మూడో తొట్టి. నీళ్లు, గాజు పెంకులు, చచ్చిన చేపలు మా కాళ్ల మీదుగా పారాయి. వదిన మంచినీళ్ల తొట్టికి అడ్డంగా వంగి రెండు చేతులూ దాని మీద వేసింది. అతను చూశాడు. చూసే కొట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు, ఎండుకట్టె విరిచినట్టు, అందరికీ వినిపించింది. తొట్టి కూడా పగిలింది. మా ఆయన మీదపడితే ఒక్క తోపుకు గాజు పెంకుల మీద కూలాడు. వీపులో గుచ్చుకున్న ముక్కలు నేను రాత్రంతా ఏరాను. బతికున్న ఏడు చేపలు నేల మీద ఎగిరెగిరి పడుతుంటే వదిన విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, రెండో చేత్తో వాటిని ఒక్కొక్కటిగా ఏరి నా చెంబులో వేసింది. ఆమె నోట్లోంచి మూలుగు రాలేదు, తిట్టే వచ్చింది. ఆ తిట్టు ఇక్కడ రాయలేను.

సాయంత్రం చేతికి కట్టు కట్టించుకుని నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లి అతని మీద కేసు పెట్టింది. అతన్ని లోపల వేశారు. అక్కడి నుంచి అధికారి ఇంటికి వెళ్లి మళ్లీ పరీక్ష పెట్టడానికి గడువు అడిగింది. ఇక ఈ ఊరివాళ్ల సంగతి మనకెందుకు, చెయ్యి విరగ్గొట్టినవాడి కోసం ఇంకా చేపలను చంపుతావా అని మా ఆయన అరిచాడు. ఆమె శాంతంగానే చెప్పింది. "దెబ్బకు కేసు. నీళ్లకు పరీక్ష. రెండు వేరు రా."

ఆ రెండో పరీక్ష ఆమె చెప్తుంటే నేను చేశాను. చేపల్ని ఎంచింది నేను, నీళ్లు కలిపింది నేను, కడ్డీతో తోక తాకింది నేను. బోరునీళ్లతో ఒక వరస, కాలువ నీళ్లతో ఒక వరస. బోరునీళ్ల వరసలో చావులు తక్కువ, కాలువ నీళ్ల వరసలో ఎక్కువ. కానీ ఏ నీళ్లు కలిపినా, చెరువులోకి వస్తున్నంత మురికికి చేపలు బతకలేదు. రెండు మంచినీళ్ల తొట్లలోనూ ఒక్కటీ చావలేదు. ఊగడం ఎంతో రాసింది, ఊగినా తప్పని విషం ఎంతో రాసింది. మేనేజరు ఆ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూశాడు, పట్టుకోవడానికి అతనికి ఏమీ దొరకలేదు. మోరీ మూశారు.

సంఘం పెద్ద జైలు నుంచి వచ్చాక తల్లిని వెంటబెట్టుకుని మా గడప దగ్గరికి వచ్చాడు. అవ్వ అన్నం సంగతి ఏడుస్తూ ఒప్పుకుంది. అతను వదిన కాళ్ల మీద పడబోతే ఆమె వెనక్కి జరిగింది. "నిన్ను నేను మాఫ్ చెయ్య. చెయ్యి వానొస్తే గుంజుతది, గుంజినప్పుడల్ల నువ్వు యాదికొస్తవ్. నా మేడ మెట్లెక్కితే కాళ్లు ఇరగ్గొడత," అంది. వెంటనే అదే గొంతుతో, వచ్చే పరీక్షకు రవ్వ పిల్లలు కావాలి, ఎప్పుడూ ఒకే చోటివి, ఒకే ఈడువి ఉండాలి, చేపలు మారితే జవాబు మారుతుంది, నువ్వే తేవాలి అంది. అతను తెచ్చాడు. ఏడాదికోసారి ఫ్యాక్టరీవాళ్లు నీళ్లు శుభ్రం చేసే తొట్లు కట్టామని, మోరీ తెరవనివ్వమని అర్జీ పెడతారు. ఏడాదికోసారి వదిన పరీక్ష పెట్టేది. అతను చేపలు తెచ్చి కింది మెట్టు మీద కూర్చునేవాడు. నేను టీ ఇచ్చేదాన్ని. ఆమె పైనుంచి "ఏయ్, తెచ్చినవా?" అనేది. అంతకు మించి వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. ఆమె అతన్ని క్షమించలేదు. చివరిదాకా క్షమించలేదు. దానికి ఆమె ఏ ముసుగూ వేయలేదు.

ఈ ఏడాది పరీక్ష మొదలైన మర్నాడు ఆమె మేడ మీదనే పడిపోయింది. మూతి పక్కకు పోయింది, ఎడమవైపు పడిపోయింది. అంబులెన్సులో ఎక్కిస్తుంటే వంకరపోయిన నోటితో నాతో అన్నది ఒక్కటే, "పూటపూటకు చూడు." ఆ రాత్రి నేను దవాఖానలో ఉన్నాను. వనపర్తిలో గాలివాన వచ్చి కరెంటు పోయి, తొట్లకు గాలి అందించే పంపులు ఆగాయట. తెల్లారి వచ్చి చూస్తే మంచినీళ్ల తొట్టిలో ఒక చేప చచ్చి ఉంది. ఒకటే. చెల్లుతుంది. పంపులు మళ్లీ నడిపించి, ఆ తర్వాత పూటపూటకూ చూసి రాశాను. వదిన చనిపోయిన రోజు పొద్దున మరొకటి పక్కకు ఒరిగి ఉంది కానీ కడ్డీ తాకితే తోక ఆడించింది.

చితి ఆరకముందే సాయంత్రమైంది. శ్మశానం నుంచి వచ్చి తలస్నానం చేసి, తడి జుట్టుతోనే మేడ ఎక్కాను. ఆఖరి లెక్క చూడాల్సిన వేళ అది. వెనక అడుగుల చప్పుడు. సంఘం పెద్ద. పాడె మోసిన నలుగురిలో అతనూ ఉన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చివరి మెట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. మేడ మీద కాలు పెట్టలేదు.

మురికినీటి తొట్లలో చేపలు ఎప్పటిలాగే చచ్చాయి. నేను మంచినీళ్ల తొట్టి ముందు వంగాను. ఒరిగిన చేప అడుగున ఉంది. కడ్డీతో తాకాను. ఆగి మళ్లీ తాకాను. చెంప దగ్గర చాలాసేపు చూశాను. అతను మెట్టు మీది నుంచి నా వీపును చూస్తున్నాడని తెలుసు. ఎల్లుండి నాగర్‌కర్నూల్‌లో విచారణ. చూపడానికి పరీక్ష లేక మోరీ తెరిస్తే మళ్లీ ఆ చెరువు, ఆ గేటు, ఆ ముళ్లతీగ చుట్ట. ఆమె పోయింది. నా రాతను సరిచూసేవాళ్లు లేరు. రెండు అని రాయాలా, ఒకటి అని రాయాలా అన్నది నా చేతిలోనే ఉంది.

"రెండు సచ్చినయి," అన్నాను. "ఇది చెల్లదు."

అతను పిడికిలి బిగించి పక్కనున్న షెడ్డు గోడను గుద్దాడు. మళ్లీ గుద్దాడు. సున్నం రాలింది. మూడోసారికి గోడ మీద రక్తం అంటుకుంది. నేను కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. భయం వేసింది. అది ఇక్కడ రాయడానికి నాకు సిగ్గులేదు. కానీ తొట్టి ముందు నుంచి జరగలేదు.

చివరికి అతను మెట్టు మీద కూలబడ్డాడు. చిట్లిన వేళ్లను లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎల్లుండి ఆపీసరు దగ్గర వాయిదా అడుగుత," అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, "నీళ్లు ఏడివి తేవాలె అక్కా? బోరువా, కాలువవా?"

"రెండూ తే," అన్నాను.

అతను లేచి, మెట్ల పక్కనున్న ఖాళీ డబ్బాలు రెండు తీసుకుని దిగాడు. బండికి చెరోపక్క కట్టుకుంటుంటే తాడు మీద కూడా రక్తపు మరక పడింది. పెరట్లో కూర్చున్న చుట్టాలు మాటలు ఆపి అతన్నే చూస్తున్నారు. బండి కదిలింది. ఖాళీ డబ్బాలు రెండూ దానికేసి ధనధనా కొట్టుకుంటూ, చీకటి పడుతున్న సందు మలుపు దాకా వినిపించాయి.